మూడో పొయ్యి

సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటి వంటగదిలో ఒక్క కప్పు కూడా మిగిలేది కాదు. అలాగని ఇంట్లో కప్పులకు కరువేమీ లేదు. ఒకటి బాల్కనీ గోడ మీద, ఒకటి చెప్పుల స్టాండు మీద, ఒకటి స్నానాలగదిలో షేవింగ్ సామాను పక్కన, ఇంకొకటి ఎవరి ఊహకూ అందని చోట, అంటే మంచానికీ గోడకీ మధ్య సందులో, అడుగున టీ మరక ఎండగట్టుకుని పడి ఉండేవి. ఆమె ట్రే పట్టుకుని గదిగదీ తిరిగి వాటిని ఏరుకొచ్చేది. తాగిన కప్పు తెచ్చి సింకులో పడేస్తే చాలని మొగుడికి చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. "తాగడం సవ్యంగా పూర్తయితే నేనే తెచ్చి పెడుతున్నాను కదా! మధ్యలో ఎవడో ఫోన్ చేస్తాడు, లేచి పోతాను, ఇక కప్పు ఎక్కడ గుర్తుంటుంది? దీనికింత రాద్ధాంతం దేనికి?" అనేవాడు. ఒకరోజు కప్పులు చాలడం లేదని ఆమె కాస్త గొంతు పెంచితే, ఎంతో ఉదారంగా బజారుకెళ్ళి ఇంకో డజను కొనుక్కొచ్చి, టేబుల్ మీద పెట్టి, ప్రపంచ సమస్య ఒకటి తీర్చినవాడిలా నిలబడ్డాడు. ఆ డజనూ ఇల్లంతా పరుచుకోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

ఆయన ఒక కంపెనీలో టీమ్ లీడ్. ఆ హోదాను చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విడిచి రావడం చేతకాని మనిషి కాబట్టి, ఆమె మనసులో ఆయన పేరు లీడ్‌గారు. లీడ్‌గారి పాత లాప్‌టాప్ ఒకటి, మడత దగ్గర విరిగి, పిండి డబ్బాకు ఆనిస్తే తప్ప నిలబడనిది, వంటగదిలో ఆమె వాటాకు వచ్చింది. అందులో ఆమె వంటల వీడియోలు చూస్తుందని ఇంట్లో అందరి నమ్మకం. అందరూ అంటే ఇద్దరే, లీడ్‌గారూ, ఆయన తల్లీ. "ఇన్ని చూస్తావు, చేసేటప్పుడు మాత్రం ఆ పాత కూరే," అని అత్తగారు అప్పుడప్పుడూ అనేవారు కూడా.

నిజానికి ఆమె అందులో చూసేది ఒక డేటాబేస్ డ్రైవరు. డేటాబేస్ అంటే సమాచారమంతా అరలు అరలుగా సర్దిపెట్టిన పెద్ద సరుకుల గది అనుకుంటే, ఆ గదిలోకి వెళ్ళి అడిగినది తెచ్చిచ్చే చిన్న ప్రోగ్రాము పేరు డ్రైవరు. ఈ డ్రైవరు ఎవరి సొత్తూ కాదు. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, తప్పు కనపడితే సరిచేసి తీసుకురావచ్చు. తెచ్చిన సవరణను లోపలికి రానివ్వాలా వద్దా అన్నది మాత్రం తాళాలు దగ్గరున్న మనిషి ఇష్టం. ఆ తాళాలు ఆమె దగ్గరున్నాయి.

పెళ్ళికి ముందూ, అయిన కొన్నాళ్ళ వరకూ ఆమె డేటాబేసుల మీదే ఉద్యోగం చేసింది. మీటింగులో ఆమె ఒక లోపం పట్టుకుంటే గదిలో నిశ్శబ్దం. పక్క కుర్చీలోని మగమనిషి అదే మాట కాస్త గొంతు పెంచి చెబితే "అద్భుతం!" ఆమెకు దక్కే గౌరవం వేరే ఉండేది. "మీ రాత బాగుంటుంది కదమ్మా, మనం అనుకున్నవన్నీ నీట్‌గా రాసి అందరికీ పంపండి." ఆ తర్వాత అత్తగారు తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. "ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా," అన్నారు లీడ్‌గారు. మనిషి అంటే ఎవరో ముగ్గురికీ తెలుసు. "ఒక్క ఏడాదే," అని కూడా అన్నారు. ఎముక అతుక్కుంది. ఆ ఏడాది మాత్రం ఇంకా పూర్తి కాలేదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక, అత్తగారు టీవీ ముందు కునుకు తీసే వేళలో, చేతులు ఊరుకోక ఆమె ఆ డ్రైవరులో ఒక చిన్న తప్పు సరిచేసి పంపింది. మర్నాడు ఇంకొకటి. దాన్ని మొదట రాసిన పెద్దాయన ఏ దేశంలోనో ఉండేవాడు. ఆయనకు చూపు తగ్గుతూ వచ్చింది. ఒకనాడు తాళాలు ఆమెకు అప్పజెప్పి, "మీ పేరెలా వెయ్యమంటారు?" అని అడిగాడు. సొంత పేరు రాయబోయి ఆగిన ఆమె చూపు స్టవ్వు మీద పడింది. రెండు పెద్ద పొయ్యిల మీద అందరి వంటా ఉడుకుతుంటే, వెనకాల మూలన సన్నసెగ మీద దేన్నో ఒకదాన్ని కనిపెట్టుకుని ఉండే చిన్న పొయ్యి. ఆ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో "మూడో పొయ్యి" అని పెట్టుకుంది. లీడ్‌గారు చూసినా ప్రమాదం లేదు. ఇంట్లో స్టవ్వుకు ఎన్ని పొయ్యిలున్నాయో ఆయనకు తెలిసే అవకాశం ఈ జన్మకు లేదు.

అక్కడా జీతం లేదు, ఇక్కడా లేదు. కాకపోతే అక్కడ చేసిన పని చేసినట్టు కనపడుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు "మీ దయవల్ల మా పని గట్టెక్కింది" అని రాస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె జీవితం మొత్తంలో తను వద్దంటే వద్దయ్యే చోటు అదొక్కటే. అందరూ ఆమెను మగవాడనుకునేవాళ్ళు. అనుకోనీ అనుకుంది. ఆ పొరపాటు దిద్దడానికి కూడా ఒక మధ్యాహ్నం ఖర్చవుతుంది.

ఒకరోజు భోజనాల దగ్గర లీడ్‌గారు తల్లితో అన్నారు: "మా అప్లికేషన్ సాయంత్రమయ్యేసరికి బిగుసుకుపోతోందమ్మా. తప్పు మాది కాదు, డ్రైవర్‌ది." ఆఫీసు సంగతులు ఆయన తల్లికే చెబుతారు. ఆవిడకు అర్థం కాదు కనుక అడ్డు ప్రశ్నలు రావు.

"మంచివాణ్ణి పెట్టుకోలేకపోయారా నాన్నా. తాగుతాడేమో కనుక్కో."

"మనిషి కాదమ్మా, ప్రోగ్రాము. నేనే బాగుచేసి పంపాను. ప్రపంచమంతా వాడే డ్రైవర్లో మన పేరు పడుతుంది. డైరెక్టరుకు చెప్పేశాను కూడా, అయిపోయినట్టేనని. ఈసారి నా ప్రమోషన్ ఎవడాపుతాడో చూస్తాను."

"ఏ డ్రైవరండీ?" అంది ఆమె.

"చెబితే నీకేం తెలుస్తుంది? ఆ కూర ఇటు జరుపు," అని, పేరు మాత్రం తల్లికి చెప్పారు. తాళాలు ఆమె దగ్గరున్న డ్రైవరు పేరే అది. ఆమె కూరగిన్నె జరిపింది. లీడ్‌గారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచనగా నమిలి, "బాగానే ఉంది. కానీ ఏదో తగ్గింది," అన్నారు. ఏం తగ్గిందని ఆమె అడగలేదు. కాపురానికొచ్చిన కొత్తలో అడిగేది. "అది వండినవాళ్ళకు తెలియాలి," అనేవారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్‌ను పిండి డబ్బాకు ఆనించి ఆయన పంపిన సవరణ తెరిచింది. చూడగానే నవ్వొచ్చింది, వెనకాలే ఒళ్ళు మండింది. డ్రైవరు దగ్గర కనెక్షన్లని, సరుకుల గదికి పట్టుకెళ్ళే బుట్టల్లాంటివి, కొన్ని ఉంటాయి. పని వచ్చినప్పుడు ఒకటి తీసుకోవాలి, అవగానే తెచ్చి యథాస్థానంలో పెట్టెయ్యాలి. పని సవ్యంగా పూర్తయితే డ్రైవరు బుద్ధిగా తెచ్చి పెడుతోంది. మధ్యలో డేటాబేసు "ఇక చాలు, ఆపు" అని కసిరితే మాత్రం ఉన్నపళాన అక్కడే వదిలేసి పోతోంది. అలా వదిలేసినవి పోగుపడి, సాయంత్రానికి వాడుకోవడానికి ఒక్కటీ మిగలక అంతా బిగుసుకుపోతోంది. సరిచెయ్యడం ఎంత పని? తెచ్చిపెట్టమని చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని, పని కుదిరినా చెడినా తప్పకుండా నడిచే చోటికి మార్చాలి. ఒక్క వాక్యం, నాలుగు వరసలు కిందికి. మరి లీడ్‌గారు ఏం చేశారు? కనెక్షన్ల సంఖ్య పెంచారు. అంటే ఇంకో డజను కప్పులు కొనుక్కొచ్చారు.

ఆ ఒక్క వాక్యం ఆమె అప్పుడే మార్చెయ్యగలదు. కానీ తప్పు పట్టి తెచ్చినవాళ్ళకే దాన్ని దిద్దే మొదటి అవకాశం ఇవ్వడం ఆ పనిలో మర్యాద. ఎవరికైనా ఇచ్చే మర్యాద ఈయనకూ ఇవ్వాలి కదా అని వేళ్ళు మీటల మీద పెట్టింది. ఏళ్ళ తరబడి గొంతులో అడ్డుపడి ఉన్నదేదో వేళ్ళలోకి దిగింది. జవాబు రాసింది: "బాగానే ఉంది. కానీ ఏదో తగ్గింది. ఇంకోసారి చూడండి." పంపేసి, లేచి, అవసరం లేకపోయినా స్టవ్వు తుడిచింది. ఈల వెయ్యడం వచ్చి ఉంటే వేసేది.

ఆ రాత్రి లీడ్‌గారికి అన్నం సయించలేదు. "ఏదో తగ్గిందట! ఏం తగ్గిందో చెప్పొద్దూ? ఎక్కడని వెతకను? పొద్దుట్నుంచీ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూస్తూనే ఉన్నాను. మనిషిని పిచ్చివాణ్ణి చెయ్యడానికి కాకపోతే ఎందుకిలాంటి మాట?"

"పూర్తిగా ఏమన్నాడేమిటి?" అడిగారు అత్తగారు.

ఆయన ఫోను తీసి తెలుగు చేసి చదివారు. అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "మీ నాన్నా అచ్చం ఇంతేరా. బాగానే ఉంది, కానీ ఏదో తగ్గింది. పోయేరోజు వరకూ ఏం తగ్గిందో చెప్పనే లేదు మహానుభావుడు. నేనూ చేసినంతకాలం వెతుక్కుంటూనే ఉన్నాను."

"వంటకీ దీనికీ పోలికేమిటమ్మా? ఇది బుర్రతో చేసే పని," అన్నారు లీడ్‌గారు.

అత్తగారు కోడలి వైపు ఒకసారి చూశారు, ఉప్పు అందించమన్నట్టుగా. ఆమె ఉప్పు అందించింది.

ఆయన అలా రెండు మూడు రోజులు గిలగిల్లాడారు. ఇంట్లో తిరుగుతూ "ఏం తగ్గింది, ఏం తగ్గింది" అని గొణుక్కున్నారు. ఆమె కడుపు చల్లగా ఉండవలసింది, ఉంది కూడా. కానీ మధ్యాహ్నం ఆ లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా తన జవాబు కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది. అది మంచి పని కాదు. ఇన్నేళ్ళలో ఎవరికీ అలా రాయలేదు. కారణం చెప్పకుండా తప్పు అంటే ఎదుటి మనిషి తనలో తానే అరిగిపోతాడని ఆమెకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. తను ఇంతకాలం తింటున్న తిండి అదే. దాన్ని ఆయనకు వడ్డించడం ఒక పూటకు బాగుంది, రోజూ వడ్డించాలంటే తనూ రోజూ వండాలి. పైగా అందులో ఒక నష్టముంది. కారణం చెప్పకపోతే, తప్పు తనది కాదేమో అనే దిక్కుమాలిన ఆశ ఆ మనిషికి మిగులుతుంది. ఆ ఆశ మాత్రం ఎందుకు మిగల్చాలి?

మళ్ళీ రాసింది. ఈసారి ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. మొదటి జవాబు అలా రాయడం తన తప్పేనంది. డ్రైవరు కనెక్షన్లను ఎక్కడ వదిలేస్తోందో చూపించింది. సంఖ్య పెంచితే బిగుసుకుపోవడం కొంత ఆలస్యమవుతుందే తప్ప ఆగదంది. "తీసుకున్నది తిరిగి పెట్టే మాట, పని చెడినప్పుడు కూడా నడిచేలా చూడండి. ఎక్కడో మీరే కనిపెట్టగలరు," అని ముగించింది. ఏ కుర్ర ఇంజినీరుకైనా ఇంత చెబితే చాలు, నమస్కారం పెట్టి దిద్దుకుంటాడు.

లీడ్‌గారు భగ్గుమన్నారు. "నాకు పాఠాలు చెబుతాడా! నాకు! ఎన్నేళ్ళ సర్వీసు నాది!" అని వంటగది గుమ్మంలో నిలబడి ఆమెకే చెప్పారు, ఇంకెవరూ దొరక్క. "అసలు వాడెవడో ఎవరికీ తెలియదు. పేరు కూడా ఏదో పొయ్యి. మధ్యాహ్నం పూట తప్ప జవాబివ్వడు. రాత్రి డ్యూటీలు చేసేవాడై ఉండాలి, లేదా పనీపాటా లేని బేవార్సు."

"అంతేనేమో," అంది ఆమె, చపాతీ కర్ర ఆపకుండా.

"చూస్తూ ఉండు. డైరెక్టరుతో మాట్లాడాను. ఆ తాళాలే లాక్కుంటాం."

ఈసారి కర్ర ఆగింది. "ఎలా?"

"దాన్ని వాడేవాళ్ళందరూ చూసే చర్చాపేజీ ఒకటుంటుంది. అందులో వీడి బండారం బయటపెట్టి, ఈ మనిషి పనికిరాడు, తాళాలు మా కంపెనీకి ఇవ్వండి అని అడుగుతాను. మొదట రాసిన ముసలాయన ఇంకా బతికే ఉన్నాడు. నలుగురూ ఔనంటే వాడి దగ్గర తీసుకుని మాకిస్తాడు. ఆ తర్వాత నా సవరణ నేనే ఒప్పుకుంటాను. వాడు బయట నిలబడి చూస్తాడు."

ఆయన వెళ్ళిపోయాక ఆమె పెనం మీద మాడుతున్న చపాతీని చూస్తూ నిలబడింది. ఉద్యోగం అడిగి తీసుకున్నారు. తన గదినీ అడిగి తీసుకున్నారు, అత్తగారికి అందులో గాలి బాగా వస్తుందని. కొన్ని అడక్కుండానే తీసుకున్నారు. వాటికి అలవాటు పడింది. కానీ ఇది ఈయనకు ఉందనే తెలియని వస్తువు. తెలియకుండానే వచ్చి సరిగ్గా దానిమీదే చెయ్యి వేశాడే! ఆమెకు భయం వెయ్యలేదు. చాలాకాలం తర్వాత, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పెద్ద తప్పు ఒకటి దొరకబోతున్నప్పుడు ఒంట్లో ప్రవహించే ఆ చల్లటి శ్రద్ధ వచ్చి కూర్చుంది.

ఆదివారం పొద్దున్న లీడ్‌గారు లాప్‌టాప్ పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి, "ఇదిగో, ఒకసారి ఇలా రా. ఫిర్యాదు రాశాను. నీ రాత బాగుంటుంది కదా, కాస్త దిద్దిపెట్టు," అన్నారు.

ఆమె చేతులు తుడుచుకుని కూర్చుంది. తన మీద వేసిన ఫిర్యాదును తనే దిద్దడం అనే అదృష్టం ఎందరికి పడుతుంది! మొదటి పేరాలోనే "బాధ్యతారహితం" అనే మాట మూడుసార్లు వచ్చింది. రెండు తీసేసింది. "ఒకసారి చాలు, గట్టిగా తగులుతుంది," అని చెప్పింది. "పొగరుబోతు" అన్నచోట, "తిట్టినట్టు ఉండకూడదు, బాధపడినట్టు ఉండాలి," అని మార్చింది. ఆయన మొహం వికసించింది. "మొదటి జవాబులో కారణం చెప్పకపోవడం తప్పే, అది ముందు పెట్టండి," అంది. పెట్టారు. ఇంకేదో లోటుగా ఉందనిపించింది. కొత్తవాళ్ళకు దారి చూపించే పేజీలు ఆమె చాలాకాలంగా సరిచెయ్యలేదు. ఆ నేరం ఎవరూ కనిపెట్టలేదు. న్యాయంగా ఉండాలి కదా అని, "వాడుక వివరాలు పాతబడిపోయాయా చూడండి, అలాంటివాళ్ళు సాధారణంగా అవి పట్టించుకోరు," అని అందించింది. ఆయన వెతికి చూసి తొడ చరుచుకున్నారు. "నిజమే! భలే పట్టావే. నీకు సబ్జెక్టు తెలియకపోయినా మాట మాత్రం సరిగ్గా పడుతుంది."

చివర్లో ఒక వాక్యం ఉంది. "నా సవరణను మా ఆఫీసులో నెలల తరబడి వాడుతున్నాము, ఒక్కసారి కూడా ఆగలేదు."

నిన్న సాయంత్రం కూడా ఆగింది. ఆగిందని ఆయన ఫోనులో ఎవరి మీదో అరుస్తుంటే, ఆమె ఆ పక్కనుంచే కప్పు తీసుకొచ్చింది.

ఆమె మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఈ మాట నిజమేనా? ఎవరైనా రుజువు అడగొచ్చు. తీసేస్తే మంచిదేమో," అంది. కావాలనే నెమ్మదిగా అంది, ఆయన ముఖంలోకి చూసి. ఆ ఒక్క క్షణం ఆయన సరే తీసెయ్ అని ఉంటే ఆమె ఇంకోలా ఆలోచించేది. తర్వాత చాలాసార్లు తనను తాను అడిగి చూసుకుంది, ఆలోచించేదే.

"నీకెందుకు అవన్నీ? భాష చూడమన్నాను, భాష చూడు."

"సరే," అంది ఆమె. ఆ వాక్యంలో ఒక్క అక్షరం దిద్దలేదు.

సోఫాలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏమమ్మాయ్, ఆ పెద్దమనిషి దీనికి జవాబిస్తాడంటావా?"

"ఇస్తాడేమో అత్తయ్యా."

"ఇవ్వమను," అన్నారు అత్తగారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఫిర్యాదు బాగా పనిచేసింది. ఆమె రాసినవేవీ పనిచెయ్యకుండా పోవు. చర్చాపేజీలో జనం పోగయ్యారు. "నిజమే, కారణం చెప్పకపోవడం అన్యాయం," అన్నారొకరు. "వాడుక వివరాలు చదివి నేను మోసపోయాను," అన్నారింకొకరు. ఒక కంపెనీవాళ్ళు తాళాలు మారిస్తేనే మంచిదన్నారు. ఆమె రెండు మధ్యాహ్నాలు ఊరుకుంది. మూడోనాడు అత్తగారి కునుకు మొదలయ్యాక కూర్చుని రాసింది. పేజీలు సరిచెయ్యకపోవడం తన తప్పేనని ఒప్పుకుని, సరిచేసి పెట్టింది. మొదటి జవాబుకు అందరి ముందూ మరోసారి క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష జతచేసింది. అది చేసేదల్లా ఒక్కటే. డేటాబేసును ఏదో అడుగుతుంది, మధ్యలో కసిరించుకుంటుంది, మళ్ళీ అడుగుతుంది. అలా అడుగుతూనే ఉంటుంది. "సవరణ తెచ్చినవారు తమ సవరణతోనే ఈ పరీక్షను నడిపి, ఫలితం ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను. మిగతావాళ్ళు కూడా నడిపి చూడండి. ఆ సవరణతో పరీక్ష ఆగకుండా నడిస్తే తాళాలు ఇవాళే వారికి ఇచ్చేస్తాను," అని ముగించింది. పంపే ముందు మీట మీద వేలు ఆగింది. ఇచ్చేస్తానంటే ఇచ్చెయ్యాలి మరి. లెక్క తనది తప్పయితే ఇక మధ్యాహ్నాలు నిజంగానే వంటల వీడియోలు. నొక్కింది.

ఆరోజు లీడ్‌గారు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ముందు గదిలోంచి "దొరికాడు!" అనే కేక వినిపించింది. "అమ్మా, వాడే తాళాలు ఇచ్చేస్తానంటున్నాడు! ఏదో పిల్లల పరీక్ష పెట్టాడు, నడిపితే చాలట!" తర్వాత మీటలు టకటకలాడాయి. తర్వాత మీటలు ఆగాయి. మళ్ళీ టకటక, ఈసారి కొంచెం గట్టిగా. మళ్ళీ నిశ్శబ్దం. ఆమె వంటగదిలో గిన్నె తోముతూ, చప్పుడు కాకుండా తోముతూ వింటోంది. ఆయన కనెక్షన్ల సంఖ్య ఇంకా పెంచి చూస్తున్నారని ఆ టకటకల తీరునుబట్టే తెలుస్తోంది. పెంచిన ప్రతిసారీ పరీక్ష కాస్త దూరం పోయి బిగుసుకుంటుంది. కొనగలిగినన్ని కొనుక్కోవయ్యా అనుకుంది.

ఆయన ఫలితం రాయలేదు. కానీ మిగతావాళ్ళు ఆగలేదు. ఎక్కడెక్కడివాళ్ళో నడిపి, "ఆగిపోయింది", "మా దగ్గరా ఆగింది", "నెలల తరబడి ఎలా వాడారో కాస్త చెబుతారా?" అని ఒకరి కింద ఒకరు రాశారు. ఆఖరి ప్రశ్న కింద ఇంకో పదిమంది చేరి అదే ప్రశ్న అడిగారు. అప్పుడామె చెయ్యి కడుక్కుని వెళ్ళి, ఆ ఒక్క వాక్యాన్ని నాలుగు వరసలు కిందికి జరిపింది. పరీక్ష ఆగకుండా నడిచింది. నడుస్తూనే ఉంది, అత్తగారు లేచి టీ అడిగే దాకా. చూపు సరిగా ఆనని పెద్దాయన ఆ పేజీకి చాలా ఏళ్ళుగా రానివాడు ఆరోజే వచ్చి ఒక్కటే మాట రాసి వెళ్ళాడు: "తాళాలు ఉండవలసిన చోటే ఉన్నాయి." అది చదివి ఆమె కళ్ళు తుడుచుకుంది, తర్వాత నవ్వుకుంది, తర్వాత టీ పెట్టింది.

టీ తీసుకుని ముందు గదిలోకి వెళ్ళేసరికి లీడ్‌గారి ఫోను స్పీకరులో డైరెక్టరు గొంతు ఖంగుమంటోంది. "నెలల తరబడి వాడుతున్నామని రాయమని మీకెవరు చెప్పారండీ? మన కస్టమర్లు చదివే పేజీ అది! ఇంత చక్కగా రాశారే ఫిర్యాదు, ఒక్క పరీక్ష నడిపి చూసుకోలేకపోయారా? ఇప్పుడు ఆయన మనమీద కోపం పెట్టుకుని రేపు మన సమస్యలు చూడనంటే కంపెనీ మూసుకోవాలి. ఇవాళే క్షమాపణ చెప్పండి. ఆయన సరేనన్నాకే నాకు ఫోన్ చెయ్యండి. ప్రమోషన్ సంగతి తర్వాత."

ఫోను ఆగింది. లీడ్‌గారు తలపట్టుకుని కూర్చున్నారు. మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టున్నాడు. ఆమెకు జాలి వేస్తుందేమోనని తనలో వెతికి చూసుకుంది. కాస్త దొరికింది. పక్కన పెట్టింది.

"చూశావా," అన్నారాయన సోఫాలో ఉన్న తల్లితో, "ఏం మనిషమ్మా వాడు... ఆయన. ఒక్క మాట తూలలేదు. తన తప్పు తనే ఒప్పుకున్నాడు. ఒక్క వాక్యం అటుది ఇటు జరిపాడు, అంతే, అంతా సర్దుకుంది. అలాంటి మగాడి కింద నాలుగు రోజులు పనిచేస్తే చాలు, జన్మకి సరిపడా నేర్చుకోవచ్చు."

ఇన్నేళ్ళలో ఆ నోటి వెంట ఆమె పనికి వచ్చిన మొదటి మెప్పు అది. వచ్చింది, సరాసరి ఎవడో లేని మగాడి ఇంటికి వెళ్ళిపోయింది. పగ తీరిందనుకుంది కానీ తీరలేదు. సగమే తీరింది. తెలియని చెయ్యి కొడితే దెబ్బ తగులుతుంది గానీ, ఎవరు కొట్టారో తెలియని దెబ్బ పిడుగు పడ్డట్టే. పిడుగు మీద ఎవరికీ గౌరవం ఉండదు.

"ఇదిగో, విను," ఆయన లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పారు. "ఆయనకు క్షమాపణ రాసిపెట్టు. నీకైతే కుదురుతుంది. మరీ కాళ్ళ మీద పడ్డట్టు ఉండకూడదు. కానీ మనసులోంచి వచ్చినట్టు ఉండాలి. నేనెక్కడెక్కడ తప్పు చేశానో నువ్వే ఆలోచించి రాసెయ్. నాకిప్పుడు బుర్ర పనిచెయ్యడం లేదు."

ఖాళీ తెల్లటి పేజీ, దాని మీద కొట్టుకుంటున్న చిన్న గీత. రాస్తే ఎంత బాగా రాయగలదో ఆమెకు తెలుసు. ఏయే తప్పులో వెతుక్కోనక్కర్లేదు, వరసగా నోటికొచ్చు. చదివితే తన కళ్ళే చెమర్చేలా రాయగలదు. ఈ ఇంట్లో ఇంతవరకూ తను తిన్న ప్రతి ముద్దా తను వండుకున్నదే. పుట్టినరోజున తనకు వచ్చే బహుమతి కూడా తనే కొని, కాగితం చుట్టి, ఆయన చేతికి ఇస్తే ఆయన తిరిగి ఇచ్చేవారు. ఇప్పుడు ఈ క్షమాపణ కూడా తనే రాసుకుని తనే అందుకోవాలన్నమాట.

ఆమె ట్రే కింద పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. సోఫాలో అత్తగారు రిమోట్ అందుకుని టీవీ గొంతు పూర్తిగా నొక్కేశారు. ఆమె లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసి, ఆయన కళ్ళలోకి చూస్తూ అంది:

"రాయడం దేనికి? ఆ మూడో పొయ్యి నేనే. ఎదురుగానే కూర్చున్నాను, నోటితో చెప్పండి."